క్యాంపస్ గేటు దాటని వంకాయరంగు కారు

రెండు వేల ఇరవై ఐదు, వానాకాలం మొదలు. తార్నాక మెట్రో స్టేషన్ దిగి, కోచింగ్ సెంటర్ల బోర్డుల కింద నుంచి లోపలి గల్లీలోకి వస్తే టిఫిన్ సెంటర్ పక్కన మా షెడ్డు కనిపిస్తుంది. రెండు కార్లు పడతాయి, మూడోది వస్తే సగం రోడ్డు మీదే. పక్క షట్టరు ఖాజా భాయ్‌ది. ఆయన ఆటో ఎలక్ట్రీషియన్. బ్యాటరీ, వైరింగ్, సెల్ఫ్ మోటారు ఆయన చూస్తాడు, ఇంజను నేను చూస్తాను. నాకంటే పదేళ్లు పెద్దవాడు, నన్ను ఆటపట్టించకుండా ఆయనకు పొద్దు గడవదు.

నా పేరు యాదగిరి. పుట్టి పెరిగింది లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో. మా నాయన వర్క్‌షాపులో ఫిట్టరు. సెలవురోజున పక్కింటివాళ్ల స్కూటరు ఇంజను విప్పి, పిస్టన్‌ను కిరోసిన్ పోసిన ఇనుప తట్టలో నానబెట్టి, దాని నెత్తి మీది మసిని చెక్కముక్కతో గీకేవాడు. "ఇనుముతోని గీకకు, గీతలు పడతయ్" అని నాకు చెప్పేవాడు. ఇంజను గురించి నేను నేర్చుకున్న మొదటి సంగతి అదే. ఇప్పుడు ఆ పనికి కిరోసిన్ తట్టలు పోయి సీసాలు వచ్చాయి. సీసాలతో పాటు వీడియోలూ వచ్చాయి. ఫోనులో వీడియో చూసి, చేతిలో సీసా పట్టుకుని, "దీన్ని పోస్తే ఇంజను కొత్తదైపోతుందట కదా" అంటూ వచ్చే కస్టమరును చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

సంగతేమిటంటే, పెట్రోలు పూర్తిగా మండకపోతే మసి మిగులుతుంది. ఆ మసీ, ఆయిల్ ఆవిరీ కలిసి పిస్టన్ నెత్తి మీద, గాలీ పొగా వచ్చిపోయే వాల్వుల మెడల చుట్టూ పేరుకుని, పాలు మాడిన గిన్నె అడుగులా గట్టిపడతాయి. దీన్నే మేం కార్బన్ పట్టడం అంటాం. వదిలించే మందులు చాలానే ఉన్నాయి. పెట్రోలు ట్యాంకులో కలిపేది మెల్లగా పనిచేస్తుంది, లేత మసికి అది చాలు. ఇంజనులోకి గాలి వెళ్లే దారిలో కొట్టే స్ప్రే ఇంకోటి. అన్నిటికంటే ఘాటైనది స్పార్క్ ప్లగ్గులు తీసేసి, ఆ రంధ్రాల్లోంచి నేరుగా పిస్టన్ల మీద పోసి నానబెట్టే మందు. మొండి మసి కూడా దానికి లొంగుతుంది.

కానీ పాత ఇంజను దగ్గర ఆ మందుతో ఆచితూచి ఉండాలి. పాత ఇంజనులో పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగి ఉంటాయి. ఆ సందులను ఒక్కోసారి మసే మూసిపెట్టి ఉంచుతుంది. మసి కడిగేస్తే లోపం బయటపడి, అంతవరకు గుట్టుగా కాపురం చేసుకుంటున్న ఇంజను ఆయిల్ తాగడం, పొగ కక్కడం మొదలుపెడుతుంది. అప్పుడు కస్టమరు మందును తిట్టడు, మెకానిక్‌ను తిడతాడు.

ఇలాంటి అభిప్రాయాలతో నేనుండగా, ఒక మధ్యాహ్నం కాటన్ చీర కట్టుకున్న ఒక పెద్దావిడ గొడుగు ముడుస్తూ షెడ్డులోకి వచ్చింది. సంచిలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టింది.

"తమ్మీ, ఇంజన్ల కార్బన్ తీసే మందట ఇది. ఆన్‌లైన్ల తెప్పిచ్చిన. జెర మా కార్ల పొయ్యాలె."

ఖాజా భాయ్ తన షట్టరు దగ్గర నుంచి నన్ను చూసి నవ్వాడు. నేను పళ్లు నూరుకుని, "బండి ఏది మేడం?" అన్నాను.

"క్యాంపస్ క్వార్టర్స్‌ల ఉన్నది. నువ్వే రావాలె."

"గీడ్నే గదా క్యాంపస్. తీస్కరాండ్రి."

"తీస్కరాను. నువ్వే రా."

"స్టార్ట్ అయితలేదా?"

"అయితది. మంచిగనే నడుస్తది."

నడిచే బండిని కూతవేటు దూరంలో ఉన్న షెడ్డుకు తీసుకురాని మనిషిని నేనెక్కడా చూడలేదు. కాస్త విసుగ్గానే, "మందు పొయ్యుడు పెద్ద పని కాదు మేడం, పోసినంక ఏమైతదో అదే పని" అన్నాను. ఆవిడ కోపగించుకోలేదు. సీసా మూత తీసి నా ముందు పెట్టింది.

"వాసన చూడు. టాలుయీన్ ఉన్నది, కొంచెం ఎసిటోన్ ఉన్నది. మేం రోజు వాడేటియే. మసిని కరిగిస్తయని నాకు తెలుసు. ఇంజన్ల ఏం చేస్తయో నాకు తెల్వదు. అందుకే నీ దగ్గరికొచ్చిన."

ఆ మాటతో నా విసుగు సగం దిగింది. ఆవిడ పేరు నిర్మల. యూనివర్సిటీ కెమిస్ట్రీ డిపార్ట్‌మెంటులో ల్యాబ్ టెక్నీషియన్. ఆగస్టు నెలాఖరుకు రిటైర్మెంట్. ఆ తర్వాత క్వార్టరు ఖాళీ చేసి నాచారంలో కొనుక్కున్న ఫ్లాటుకు మారాలి. కారుకు పదిహేనేళ్లు నిండుతున్నాయి, రిజిస్ట్రేషన్ మళ్లీ చేయించాలి. డిపార్ట్‌మెంట్ అటెండరు నర్సింహ పొల్యూషన్ చెకింగుకు తీసుకుపోతే బండి ఫెయిలైంది. ఆవిడ అన్న కొడుకేమో, "ఎందుకత్తమ్మా పాత డబ్బా, స్క్రాపుకు ఇచ్చెయ్" అని బండి తీసుకుపోయేవాడి ఫోన్ నంబరు కూడా పంపించాడట.

"నా జీతంతోని కొన్న బండి తమ్మీ. షోరూమ్ నుంచి నేనే నడుపుకుంట క్యాంపస్ గేట్ల నుంచి లోపలికి తెచ్చిన. పోయేనాడు కూడ నేనే నడుపుకుంట బయటికి పోవాలె. ఇంకో బండికి కట్టి గుంజుకపోతుంటే నేను చూడలేను" అంది. నేను క్వార్టరు నంబరు అడిగి రాసుకున్నాను.

మర్నాడు పనిముట్ల పెట్టె స్కూటరు మీద పెట్టుకుని వెళ్లాను. పాత క్వార్టర్ల వరసలో, నిద్రగన్నేరు చెట్టు కింద, ముసుగు కప్పుకుని ఉంది కారు. ముసుగు తీస్తే వంకాయరంగులో మెరిసిపోతోంది. సీట్ల మీద షోరూమ్ వాడు వేసిన ప్లాస్టిక్ కవర్లు కూడా తీయలేదు. డోరు సందుల్లో దుమ్ము లేదు. ఇంత ముద్దుగా చూసుకున్న పాత బండిని నేనరుదుగా చూశాను. స్టార్ట్ చేస్తే మాత్రం దగ్గుతూ లేచింది. నిలకడగా తిరగదు, ఒకసారి పైకి, ఒకసారి కిందికి పోతోంది. సైలెన్సరు నుంచి నల్లటి పొగ.

మీటరు చూసి ఆగిపోయాను. పదిహేనేళ్ల బండి తిరగాల్సినదాంట్లో పదో వంతు కూడా తిరగలేదు. సెకండ్‌హ్యాండ్ బండ్ల వ్యాపారంలో ఇలాంటి మీటర్లు బోలెడు చూశాను కనుక, "ఎవరన్న మీటరు ఎనకకు తిప్పిండ్రా మేడం?" అని అడిగేశాను.

ఆవిడ ముఖం ఎర్రబడింది. "నా బండి మీటరు ఎవరు తిప్పుతరు? అది నడిచిందే గంత!"

నేను నాలిక కరుచుకుని బానెట్ కింద తలదాచుకున్నాను. ఆయిల్ పోసే మూత తిప్పి తీస్తే, లోపలివైపు మీగడలా తెల్లటి జిగురు. ఇది రెండు కారణాల వల్ల వస్తుంది. హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజను తలకూ ఒంటికీ మధ్య ఉండే పలక, చిల్లుపడి నీళ్లు ఆయిల్‌లో కలవడం ఒకటి. అలాగైతే కూలెంట్ తగ్గిపోవాలి, ఇక్కడ నిండుగా ఉంది. ఇక మిగిలింది రెండో కారణం. ఇంజను ఎప్పుడూ పూర్తిగా వేడెక్కకపోతే లోపలి తేమ ఆవిరై పోలేక, ఆయిల్‌తో చిలికినట్టయి మూతకు పట్టుకుంటుంది.

"మేడం, కోపం చెయ్యకుండ్రి. ఈ బండి ఏడికి పోతది? ఏడి నుంచి ఏడిదాక?"

"ఇంటి నుంచి డిపార్ట్‌మెంట్‌కు. డిపార్ట్‌మెంట్ నుంచి ఇంటికి."

"ఇంకా?"

"లైబ్రరీ దిక్కు ఎప్పుడన్న. ఆదివారం గీడ్నే నిలబెట్టి కొంచెంసేపు ఇంజన్ ఆన్ చేసి పెడ్త, బ్యాటరీ దిగొద్దని. పెట్రోలుకు, పొల్యూషన్‌కు నర్సింహ తీస్కపోతడు."

"గేటు బయటికి మీరు?"

"పోను."

తర్వాత చాయ్ తెచ్చి ఇచ్చి, మెట్టు మీద కూర్చుని చెప్పింది. కారు కొన్న కొత్తలో ఒక పొద్దున తార్నాక చౌరస్తాలో బండి ఆగిపోయిందట. ముందు సిగ్నల్ పడింది, వెనక సిటీ బస్సులు, ఆటోలు, అందరూ హారన్లు. ఈవిడ కంగారులో తాళం తిప్పలేకపోయింది. ఎవడో కిటికీ దగ్గరికి వచ్చి, "నడపరానోళ్లకు కార్లెందుకు?" అని అరిచి పోయాడు. చివరకు ఎవరో నెట్టి పక్కకు పెట్టారు. అక్కడి నుంచి బండిని ఎలాగో క్యాంపస్‌లోకి తెచ్చుకుంది. ఆ తర్వాత మళ్లీ గేటు దాటలేదు. కొన్నది పాడుచేయకూడదని రోజూ తుడిచేది, మెల్లగా నడిపేది, సెకండ్ గేరు దాటనిచ్చేది కాదు.

నాకు రోగం అర్థమైంది. క్యాంపస్‌లో ఇలాంటి బండ్లు ఇంకా ఉన్నాయి. చెట్ల నీడలో రోడ్లు, అడుగడుక్కీ స్పీడ్ బ్రేకర్లు, ఇంటికీ ఆఫీసుకూ మధ్య పిడికెడు దూరం. బండిని జాగ్రత్తగా చూసుకుంటున్నామనే అనుకుంటారు. ఇంజను వేడెక్కేలోపే ఆపేస్తారు. చల్లటి ఇంజనులో పెట్రోలు ఎక్కువ పోతుంది, సగం మండుతుంది, మిగతాది మసి అవుతుంది. ఆదివారం నిలబెట్టి ఆన్ చేయడం మరీ చేటు. ఆవిడ ముద్దే బండికి మసైంది.

ప్లగ్గులు తీస్తే బొగ్గు ముక్కల్లా ఉన్నాయి. ప్లగ్గు రంధ్రంలోంచి సన్నటి కెమెరా దింపి ఫోనులో చూపించాను. పిస్టన్ నెత్తి మీద నల్లటి పెచ్చులు.

"మా ల్యాబ్‌ల క్రూసిబుల్ గిన్నె అడుగు గిట్లనే ఉంటది, పిలగాండ్లు కడగకపోతే" అంది ఆవిడ, ఫోను కళ్లకు దగ్గరగా పెట్టుకుని.

కంప్రెషన్ కూడా చూశాను. అంటే ఒక్కో సిలిండరు గాలిని ఎంత బిగువుగా నొక్కుతోందో గేజీ పెట్టి కొలవడం. మూడో సిలిండరు కొంచెం తక్కువ, మిగతావి ఫర్వాలేదు. దాచకుండా చెప్పాను. "రెండు తొవ్వలున్నయ్ మేడం. ఇంజను తల విప్పి చేతితోని గీకుడు ఒకటి. అది గట్టి పని, కాని ఈ మోడల్ సామాను దొరకాలె, మీ ఆగస్టు దాటిపోవచ్చు. మందు పోసుడు రెండోది. రింగులు మంచిగుంటే బండి లేచి కూసుంటది. అరిగి ఉంటే ఇప్పటికంటే ఎక్కువ పొగ కొడ్తది. అప్పుడు మీ అన్న కొడుకు మాటే నిజమైతది."

"ముందుగాల కొంచెం తీస్కొని టెస్ట్ చేద్దాం" అంది ఆవిడ. ల్యాబ్ మనిషి కదా. పాత ప్లగ్గుల మీది మసిని గీకి రెండు గాజు సీసాల్లో వేసింది. ఒకదాంట్లో ఆన్‌లైన్ మందు, ఇంకోదాంట్లో నేను వాడే మందు. తర్వాత నా పెట్టెలోంచి పాత రబ్బరు రింగు ముక్కలు రెండు అడిగి తీసుకుని, సీసాకొకటి వేసింది. మందు ఇంజనులోని రబ్బరును ఏం చేస్తుందో చూడాలన్న సంగతి నాకు తట్టలేదు. మర్నాడు వెళ్లేసరికి ఆవిడ మందులో మసి అలాగే గడ్డలుగా ఉంది. నా మందు కాఫీరంగులోకి మారి మసి పొడిపొడి అయింది. కానీ నా సీసాలో రబ్బరు ముక్క నీళ్లు తాగిన శనగలా ఉబ్బింది.

"నీదే పనిచేస్తది. కాని రబ్బరు దగ్గరికి రానియ్యకు" అంది. ఇద్దరికీ సంతోషమే అయింది.

శనివారం పనికి దిగాం. ఖాజా భాయ్ కూడా వచ్చి ప్లగ్గులకు కరెంటు ఇచ్చే కాయిల్ కనెక్షన్లు తీశాడు. నేను థ్రాటిల్ బాడీ, అంటే గాలి లోపలికి వెళ్లే ద్వారం, విప్పి రబ్బరు రింగు తీసి పక్కన పెట్టి, స్ప్రే కొట్టి బ్రష్షుతో కడిగాను. పిస్టన్లన్నీ ఒకే ఎత్తుకు వచ్చేలా ఇంజనును చేతితో తిప్పి, ప్లగ్గు రంధ్రాల్లో మందు పోసి, గుడ్డ కప్పి వదిలేశాను. ఆవిడ మా ఇద్దరికీ ల్యాబ్ గ్లౌజులు, కళ్లద్దాలు ఇచ్చి, పెట్టుకునేదాకా ఊరుకోలేదు. ఖాజా భాయ్ ఆ అద్దాలు పెట్టుకుని, "యాదగిరీ, ఇప్పుడు నేను సైంటిస్ట్ లెక్క ఉన్ననా?" అని అడిగాడు. వెల్డింగుకు వచ్చినవాడిలా ఉన్నావన్నాను.

ఆదివారం పొద్దున మందును సిరంజికి సన్నటి ట్యూబు తగిలించి పీల్చేశాను. తారులా వచ్చింది. నేను అలవాటుగా పక్కనున్న మురుగుకాలువ వైపు అడుగేస్తే, నిర్మల మేడం అడ్డం నిలబడి ఒక డబ్బా పట్టింది. "మోరీల పోస్తవా? ఇండ్ల పొయ్యి తమ్మీ. మా డిపార్ట్‌మెంట్ల వేస్ట్ సాల్వెంట్ తీస్కపోయేటోళ్లు వేరే ఉంటరు." అప్పటినుంచి నా షెడ్డులోనూ అలాంటి డబ్బా ఒకటి ఉంటోంది.

ఈ పనిలో పెద్ద ప్రమాదం ఇక్కడే ఉంది. పిస్టన్ మీద మందు చుక్కలు మిగిలి ఉండగా ప్లగ్గులు బిగించి స్టార్ట్ చేస్తే ఇంజను పని అయిపోయినట్టే. గాలి నొక్కితే నొక్కుకుపోతుంది, ద్రవం నొక్కుకోదు. పిస్టన్ కింది కనెక్టింగ్ రాడ్ వంగి ఊరుకుంటుంది. అందుకని రంధ్రాల మీద గుడ్డ వేసి, ప్లగ్గులు లేకుండానే సెల్ఫ్ కొట్టి మిగిలినదంతా చిమ్మించాను. మందు రింగుల సందుల్లోంచి కిందికి దిగి ఆయిల్‌ను పలచన చేస్తుంది కాబట్టి ఆయిల్, ఫిల్టరు మార్చాను. కొత్త ప్లగ్గులు బిగించి తాళం తిప్పాను.

ముందు తెల్లగా, తర్వాత బూడిదరంగులో, తర్వాత నల్లగా పొగ లేచింది. చెట్టు కనపడలేదు. పక్క హాస్టలు నుంచి నలుగురైదుగురు పిల్లలు బకెట్లు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. సెక్యూరిటీ గార్డు బైకు మీద వచ్చి, "ఏం తగలవెడ్తున్నరు గీడ?" అని అరిచాడు. ఖాజా భాయ్ ఆ కళ్లద్దాలతోనే ఎదురెళ్లి, "కుచ్ నై, ప్రయోగం" అని చెప్పి అందరినీ పంపించాడు.

పొగ తగ్గింది. ఇంజను మాత్రం కుదురుకోలేదు. నిన్నటిదాకా దగ్గిన బండి ఇప్పుడు ఒళ్లంతా వణుకుతోంది. ప్లగ్గు తీసి గేజీ పెట్టి చూస్తే మూడో సిలిండరులో ముల్లు పైకి లేవడమే లేదు. ఊడిన మసిపెచ్చు ఒకటి పోతూపోతూ వాల్వు కింద ఇరుక్కుని, అది మూసుకోకుండా అడ్డం పడిందని నా అనుమానం. రింగులే పోయి ఉంటే ఇక చేసేదేం లేదు. రెండిట్లో ఏదో అక్కడ నిలబడి తేల్చలేను. నిలబెట్టి గట్టిగా రేజ్ చేసి చూశాను. లాభం లేదు.

నిర్మల మేడం నా ముఖమే చూస్తోంది. "పోయిందా తమ్మీ?"

"ఏం పోలే మేడం. రోడ్డు మీద పనిలకు దించాలె. ఇంజను మీద బరువు పడి, మంచిగ వేడైతే, పెచ్చు కాలిపోయి ఎగిరిపోవచ్చు. ఘట్‌కేసర్ దాక పోయి రావాలె."

"సరే, పోయి రా."

తాళం ఆవిడ చేతిలో పెట్టాను. ముందుగా అనుకుని చేసింది కాదు. ఆ క్షణంలో నాకు కచ్చితంగా అనిపించింది, ఇవాళ నేను నడిపి నయం చేస్తే బండి మళ్లీ ఏదో ఒక చెట్టు కిందే నిలబడిపోతుందని, వచ్చే వానాకాలానికి మళ్లీ మసి పడుతుందని. "నేను పక్కన కూసుంట. ఇంజను చప్పుడు వినాలె. మీరు నడపండ్రి."

"నాతోని కాదు."

"మరి పోయేనాడు గేటు ఎట్ల దాటుతరు మేడం?"

ఆవిడకు కోపం వచ్చింది. కోపంతోనే డ్రైవింగ్ సీట్లో కూర్చుంది. ఖాజా భాయ్ వెనక సీట్లో ప్లాస్టిక్ కవరు మీద సర్దుకుని కూర్చుని గట్టిగా బిస్మిల్లా చెప్పాడు.

గేటు దాటుతుంటే గార్డు లేచి నిలబడి చూశాడు. ఆదివారం పొద్దు కనుక తార్నాక రోడ్డు కాస్త పలచగానే ఉంది. యూ-టర్నులు ఎప్పుడు పెడతారో ఎప్పుడు తీస్తారో ఎవరికీ తెలియని చౌరస్తా అది. ఆ రోజు సిగ్నల్ పడింది. బండి వణుకుతూ ఆగింది. ఆవిడ వేళ్లు స్టీరింగును గట్టిగా పట్టుకున్నాయి. పచ్చ లైటు వెలిగింది, క్లచ్ వదిలింది, ఇంజను గిలగిల్లాడి ఆగిపోయింది.

వెనక బస్సు హారన్ కొట్టింది. ఇంకో ఆటో కూడా. నా చెయ్యి తనంతట తానే తాళంవైపు పోబోయింది. వెనక్కి తీసుకుని తొడల కింద పెట్టుకున్నాను. అబద్ధమెందుకు, ఆ కాసేపు నాకూ భయం వేసింది. ఎవడైనా కిటికీ దగ్గరికి వచ్చి ఒక్క మాట అంటే ఆవిడ ఇక జన్మలో స్టీరింగు పట్టదు.

"న్యూట్రల్" అంది ఆవిడ తనలో తనే. "క్లచ్." తాళం తిప్పింది. రాలేదు. మళ్లీ తిప్పింది. ఇంజను లేచింది. కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి, బస్సు డ్రైవరుకు ఆగమని చూపించి, "వస్తున్న, ఆగు బిడ్డా!" అని గట్టిగా అరిచి, బండిని ముందుకు దూకించింది.

హబ్సిగూడ దాటాం. ఉప్పల్ దాటాక ఇంకా పూర్తికాని పైవంతెన పిల్లర్ల మధ్య దుమ్ము, గుంతలు, లారీలు. అన్నీ దాటుకుని ఘట్‌కేసర్ దగ్గర రోడ్డు విశాలమైంది. ఇంజను వేడిని చూపే ముల్లు ఇన్నేళ్లకు మొదటిసారి మధ్యకు వచ్చి నిలబడింది. "థర్డ్ గేర్లనే ఉంచి తొక్కండ్రి" అన్నాను.

"ఇంజన్ ఒర్లుతున్నది తమ్మీ!"

"ఒర్లనియ్యిండ్రి. గిన్నేండ్ల నుంచి నోరు మూస్కొని ఉన్నది."

ఆవిడ తొక్కింది. ఫ్లైఓవరు ఎత్తు ఎక్కుతుండగా వెనక నుంచి ఖాజా భాయ్ అరిచాడు. "అరె యాదగిరీ! ఎనక నల్లగ ఉమ్మింది చూడు!" నేను వెనక్కి తిరిగేలోపే ఆవిడ చెప్పింది.

"వణుకు ఆగింది."

నిజమే, ఆగింది. సీటు కింద నుంచి వస్తున్న ఆ అదురు మాయమై, ఇంజను ఒకే గొంతుతో పాడుతోంది. నేను చెవి ఆన్చి విన్నాను. మళ్లీ మళ్లీ విన్నాను. ఆవిడ నవ్వుతోంది, కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడానికి స్టీరింగు వదలడం లేదు. ఖాజా భాయ్ తన రుమాలు ముందుకు అందించాడు. రోడ్డు పక్క ఆగి మజ్జిగ తాగాం. వెనక్కి వచ్చేటప్పుడు తార్నాక చౌరస్తాలో మళ్లీ సిగ్నల్ పడింది. ఆవిడ ఏమీ కానట్టు ఆగి, కొంగుతో అద్దం తుడుచుకుంది.

తర్వాతి వారం పొల్యూషన్ చెకింగుకు తనే తీసుకుపోయింది, పాసైంది. రిజిస్ట్రేషన్ పని కూడా నెలలోపే పూర్తయింది. అంతా అద్భుతమని చెప్పను. మూడో సిలిండరు రింగులు కాస్త అరిగినమాట వాస్తవమే. పొద్దున స్టార్ట్ చేస్తే ఒక్క క్షణం నీలిపొగ వస్తుంది. ఆయిల్ అప్పుడప్పుడు చూసుకోమని చెప్పాను. ఆదివారం బండిని చెట్టు కింద ఆన్ చేసి పెట్టడం మాని, ఘట్‌కేసర్ దాకా పోయి రమ్మన్నాను. ఒకసారి భువనగిరి దాకా పోయానని ఫోను చేసి చెప్పింది. ఎందుకని అడిగితే, "ఇంజన్ కోసం" అంది.

ఈ కేసు నా పద్ధతిని కొంత మార్చింది. మందు సీసా తెచ్చేవాళ్లను చూసి ఇప్పుడు ఒళ్లు మండించుకోను. కొన్ని ఇంజన్లకు ఆ మందు కావాలి. ఆగస్టు లోపల ఆ మసిని ఇంకేదీ వదిలించేది కాదు. కానీ మందు తీసేది ఉన్న మసినే. మళ్లీ పట్టకుండా ఉండటం దాని చేతిలో లేదు. అందుకే బానెట్ ఎత్తక ముందే అడుగుతాను, ఈ బండి ఏడిదాకా పోతది అని. కొందరు కిలోమీటర్లు చెబుతారు. కొందరు తమ సంగతి చెబుతారు. అలాంటివాళ్లకు చాయ్ పోసి వింటాను.

ఆగస్టు ఆఖరి రోజు సాయంత్రం. వాన వెలిసింది. నేనూ ఖాజా భాయ్ గల్లీ మొగన చాయ్ తాగుతున్నాం. మెయిన్ రోడ్డు మీద క్యాంపస్ వైపు నుంచి వంకాయరంగు కారు వస్తోంది. వెనక సీట్లో పూలదండలు, శాలువా, రెండు కుండీలు. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు లేవు. మమ్మల్ని చూసి నిర్మల మేడం పొడుగ్గా హారన్ కొట్టింది, చెయ్యి ఊపింది, గేరు మార్చి హబ్సిగూడవైపు వెళ్లిపోయింది.

ఖాజా భాయ్ గ్లాసు పట్టుకుని అలాగే చూస్తూ నిలబడ్డాడు. "ఏందిరా యాదగిరీ, గంత పని చేసినం, ఆగనన్న ఆగలే?"

"ఎందుకాగాలె భాయ్?" అన్నాను. "బండి మంచిగున్నది."